‘రన్’ దగ్గర ఆగిపోయిన ఒక నర్సు: కేస్ స్టడీ

ఈ కేసు ఒక స్టాఫ్ నర్సుది. ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి, దాని పక్క పల్లెటూరి అమ్మాయి. ఇంట్లో తెలుగు, బడిలో పదో తరగతి దాకా ఒడియా మీడియం, ఆ తర్వాత జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా ఇంగ్లీషులో. బరంపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి సర్జికల్ వార్డులో కొన్నేళ్లుగా పని చేస్తోంది. బ్రిటన్ వెళ్లాలని ఓఈటీ రాసింది. మిగతావన్నీ గట్టెక్కాయి గానీ వినికిడి దగ్గర పోయింది. నేను పర్లాకిమిడిలో నర్సులకీ ల్యాబ్ టెక్నీషియన్లకీ ఇంగ్లీషు చెప్తాను. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఓఈటీ అంటే ఆరోగ్య రంగంలో పని చేసేవాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. ఒక్కోదానికి 500 మార్కులు, 350 వస్తే బి గ్రేడు. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ రాయడంలో సి ప్లస్‌తో సరిపెట్టుకుంటుంది గానీ మిగతా మూడింట్లో బి ఉండాల్సిందే. వినికిడిలో 42 ప్రశ్నలు, రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. అందులో పార్ట్ బి అని ఒకటుంది. ఆస్పత్రిలో రోజూ జరిగే మాటల ముక్కలు ఆరు వస్తాయి. షిఫ్టు మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి పేషెంట్లని అప్పజెప్పే మాటలూ అలాంటివే. ఈమె దెబ్బ తిన్నది అక్కడే.

మొదట నాకు వింతగా అనిపించింది. టాకీకార్డియా, హైపోనట్రీమియా లాంటి మాటలు ఎంత వేగంగా చదివినా తప్పు లేకుండా రాస్తుంది. మందుల పేర్లలో తడబాటు లేదు. అలాంటి అమ్మాయి ‘గెట్’, ‘టేక్’, ‘పుట్’, ‘రన్’ వచ్చిన వాక్యాల్లో దారి తప్పుతోంది. ఆలోచిస్తే ఇది సహజమే. వైద్యం మాట ఎంత పొడుగున్నా దానికి ఒకటే అర్థం. ఒకసారి నేర్చుకుంటే జీవితాంతం అదే. మూడు నాలుగక్షరాల మాటలతోనే అసలు కష్టం. ఆమే అంది: “మాస్టారూ, మాట స్పష్టంగా వినపడతంది. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి బుర్ర ఆగిపోతంది. తేరుకునేలోగా వాళ్లు ఇంకో పేషెంటు దగ్గరికెళ్లిపోతన్నారు.”

పరీక్ష చేసిన తీరు

నా దగ్గరికి వచ్చే నర్సులకి నేను మొదట ప్రశ్నాపత్రం ఇవ్వను. ఒక చిన్న అప్పగింత నా గొంతుతోనే రికార్డు చేసి ఒక్కసారి వినిపిస్తాను. తర్వాత “ఇప్పుడు నువ్వు వార్డులోకి వెళ్లి ఏం చేస్తావో తెలుగులో చెప్పమ్మా” అంటాను. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటే ఊహతో కొట్టేయొచ్చు. చేసే పని చెప్పమంటే ఊహకి చోటుండదు, ఏ మాట దగ్గర ఏ అర్థం చేసుకుందో బయటపడుతుంది.

ఆమెకి వినిపించిన ముక్క ఇది. “బెడ్ సెవెన్ వాజ్ రన్ ఓవర్ బై ఎ ట్రాక్టర్. హీ రాన్ ఎ టెంపరేచర్ లాస్ట్ నైట్. ద సెకండ్ యూనిట్ ఈజ్ అప్, రన్ ఇట్ ఓవర్ త్రీ అవర్స్. వుయ్ ఆర్ రన్నింగ్ లో ఆన్ సెలైన్, సో ఇఫ్ యు వాంట్ టు ఓపెన్ ద లాస్ట్ బాక్స్, రన్ ఇట్ బై ద సిస్టర్ ఇన్‌ఛార్జ్.”

ఆమె తెలుగులో ఇలా చెప్పింది. “ఏడో బెడ్డు పేషెంటుని ట్రాక్టరు తొక్కేసింది. రాత్రి జొరం వచ్చింది. రెండో రక్తం బాటిలు మూడు గంటలు దాటిపోయింది, అందుకని తీసేయాలి. సెలైను పెట్టె సిస్టర్ చేతే పెట్టించాలి.”

మొదటి రెండూ సరే. మూడోది చూడండి. ‘మూడు గంటల్లో పూర్తయ్యేలా ఎక్కించు’ అన్న మాట ‘మూడు గంటలు దాటింది, తీసేయ్’ అయిపోయింది. నిజమైన వార్డులో ఇది తల్లకిందుల పని. అయినా ఈ పొరపాటులో మతిలేనితనం ఏమీ లేదు. రక్తం ఫ్రిజ్‌లోంచి బయటికి తీశాక నాలుగు గంటల్లో ఎక్కించేయాలి, ఆపైన ఉంచకూడదని ఆమెకి బాగా తెలుసు. ‘ఓవర్’ అంటే మన వైపు ‘అయిపోయింది’ అనే వాడుక. క్లాసు ఓవర్, డ్యూటీ ఓవర్. పైగా ఇంగ్లీషులో ‘ద మీటింగ్ రాన్ ఓవర్’ అంటే అనుకున్న టైము దాటిందనే అర్థం. తెలిసిన వైద్యం, తెలిసిన వాడుక రెండూ కలిసి నమ్మదగ్గ కథ తయారు చేశాయి. తెలివైన విద్యార్థుల తప్పులు ఇలాగే ఉంటాయి, అందుకే వాటిని వాళ్లంతట వాళ్లు పట్టుకోలేరు.

నాలుగోది కూడా అంతే. ‘రన్ ఇట్ బై ద సిస్టర్’ అంటే ఆవిడకి ఒక మాట చెప్పి, సరేనంటే చెయ్యి అని. ‘బై’ కనపడగానే ‘ఆవిడ చేత’ అనుకుంది. బడిలో కర్మణి ప్రయోగం నూరిపోసినప్పుడు ‘బై’ అంటే ‘చేత’ అనే కదా చెప్పాం.

మాట వెనక చరిత్ర

‘రన్’ని నేను కావాలని ఎంచుకున్నాను. ఇంగ్లీషులో ఎక్కువ అర్థాలున్న క్రియ ఇదే. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో ‘సెట్’ అనే క్రియకి 430 అర్థాలుండేవి, అప్పటికి అదే మొదటి స్థానం. ఆ తర్వాత మూడో కూర్పు కోసం తిరగరాస్తున్నప్పుడు ‘రన్’ క్రియ ఒక్కదానికే 645 తేలాయి. పాత ఇంగ్లీషులో దీని మూలరూపం ‘రిన్నన్’. మనిషి పరుగెత్తినా నీరు పారినా ఆ మాటే. ముక్కు కారడం, కుళాయి పారడం, బట్ట రంగు దిగడం, రోడ్డు ఏటి వెంట సాగడం అన్నీ ఆ పారే అర్థం నుంచి వచ్చినవే. తర్వాత యంత్రాలు వచ్చాయి. మిల్లు, రైలు, గడియారం, కంపెనీ, చివరికి కంప్యూటరు ప్రోగ్రాము, అన్నీ ‘రన్’ అవుతాయి.

ఈ సంఖ్య విద్యార్థికి చెప్పాలా వద్దా అన్నదానిమీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. చెప్పాలి, అయితే వెంటనే ఇంకోటి కూడా చెప్పాలి: ఇన్ని అర్థాలూ ఏ ఇంగ్లీషు పిల్లా బట్టీ పట్టి నేర్చుకోలేదు. అది ఆమెకి చెప్పి నమ్మించలేం, ఆమె అనుభవంలోంచే చూపించాలి. అందుకు నేను వాడేది ‘ఆడు’.

“మీ ఇంట్లో ఏమేం ఆడతాయో చెప్పమ్మా” అన్నాను. మొదట “పిల్లలు” అంది. కాసేపటికి ఊపందుకుంది. పిండి మర ఆడతంది. పర్లాకిమిడిలో ఫలానా సినిమా బాగా ఆడింది. కిటికీ తీస్తే గాలి ఆడతంది. మేస్త్రి నాటకాలాడతన్నాడు. చేతిలో డబ్బు ఆడట్లేదు. కబురు విన్నాక కాలూ చెయ్యీ ఆడలేదు. ఒక్క క్షణం ఆగి, “మా వార్డులో పేషెంట్లు రోజూ అనేది మాస్టారూ, ఊపిరాడట్లేదు సిస్టరూ అని” అంది.

ఊపిరి ఆడలేదంటే ఆమె ఆక్సిజన్ మాస్కు కోసం వెళ్తుంది. డబ్బు ఆడట్లేదంటే వెళ్లదు. మాట ఒకటే, పక్కనున్నది ఊపిరా, డబ్బా అన్నదే తేల్చేస్తుంది. ఆమెకి ఆ పని అరక్షణం కూడా పట్టదు, చేస్తున్నట్టు కూడా తెలియదు. ఇంగ్లీషులో ‘ద ఫిల్మ్ రాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్’ అంటారు, మనం వంద రోజులు ఆడిందంటాం. ‘ద మిల్ ఈజ్ రన్నింగ్’ అంటారు, మనం మిల్లు ఆడుతోందంటాం. రెండు భాషల వాళ్లూ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే దారిన పోయారు. ఇది చూపించిన రోజు ఆమె ముఖంలో భయం తగ్గింది. నావైపు నుంచి చూస్తే ఈ కేసులో అసలు మలుపు అదే. అర్థాలు చాలా ఉన్నాయన్నది కొత్త కష్టమేమీ కాదని, తను పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనేనని ఆమెకి అక్కడ తెలిసింది.

ఒడియా చేసిన సాయం

సరిహద్దు జిల్లాల పిల్లలకి మిగతా తెలుగువాళ్లకి లేని ఒక ఆస్తి ఉంది. మూడో క్లాసు వాచకంలో ‘రన్’కి ఎదురుగా ‘దౌడిబా’ అని రాసుకుంది ఈమె. ఇన్నేళ్లూ ఆ మాట వినగానే పరుగెత్తే మనిషే కళ్లముందు కనిపించేవాడు. అదే ఒడియాలో ‘చాలిబా’ అనే ఇంకో క్రియ ఉంది. నడవడం దాని అర్థం. బస్సు చాలుచి, దోకాన చాలుచి, పంఖా చాలుచి, స్కూల్ చాలుచి. తెలుగులో వీటన్నిటికీ ఒకే మాట వాడం. బస్సులు తిరుగుతాయి, కొట్టు నడుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది. ఇంగ్లీషులో, ‘స్కూల్’ని పక్కన పెడితే, మిగతా మూడింటికీ ‘రన్’ సరిపోతుంది. అంటే ఈ ముక్కలో ఒడియా ఇంగ్లీషుకి దగ్గర. ముక్కు కారడం దగ్గరికొస్తే ఒడియాలో ‘నాకరు పాణి బోహుచి’ అంటారు. పారడం అన్నమాట. అక్కడ తెలుగూ ఒడియా ఒకటే దారి.

అందుకని ఆమె నోటుబుక్కులో అర్థం ఏ భాషలో ముందు తడితే ఆ భాషలోనే రాయమన్నాను. కొన్ని పేజీలు తెలుగు, కొన్ని ఒడియా. ఇంగ్లీషు క్లాసులో ఇంటి భాష మాట్లాడితే జరిమానా వేసే బడులు మా జిల్లాలోనూ ఉన్నాయి, అటు ఆంధ్రాలోనూ ఉన్నాయి. పిల్ల చేతిలో ఉన్న రెండు దీపాలూ ఆర్పేసి చీకట్లో వెతుక్కోమనడం అది. ఈ ఊళ్లో పంతులుగా పని చేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, వాళ్ల భాషలోనే పాఠాలు రాశారు. జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మేం ఇక్కడ కూడా తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. పిల్లకి వచ్చిన భాషలోంచే రాని భాషకి దారి వెయ్యాలన్నది ఆ రోజుల్లో ఈ వీధుల్లోనే తేలిపోయిన విషయం. ఇప్పటికీ అమలు కాకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఎక్కుతోందా, ఎక్కిస్తున్నారా

నోటుబుక్కు అక్షర క్రమంలో ఉండకూడదని ముందే చెప్పాను. ‘రన్’ అయ్యేది ఏమిటి అన్నదాన్ని బట్టి పేజీలు. ద్రవాలకి ఒక పేజీ, టైముకి ఒకటి, సరుకుకి ఒకటి, ఒంటికీ వంశానికీ ఒకటి. సరుకు పేజీ త్వరగా నిండింది: రన్నింగ్ లో అంటే అడుగంటుతోంది, రన్ అవుట్ అంటే నిండుకుంది. వంశం పేజీలో ‘డయాబెటిస్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’. మా ఇంట్లో అందరికీ షుగరుంది, వంశపారంపర్యంగా వస్తోంది అని. వీటికి పెద్ద కష్టపడలేదు.

ఎక్కువ కాలం పట్టింది ద్రవాల పేజీకే. ‘ద డ్రిప్ ఈజ్ రన్నింగ్’, ‘రన్ ద డ్రిప్’. రెండింట్లోనూ క్రియ ఒకటే, ‘రన్’. మొదటిది తనంతట తను జరుగుతున్నది, రెండోది మనం జరిపించేది. తెలుగు ఈ తేడాని క్రియలోనే చెప్పేస్తుంది: ఆడు, ఆడించు, పారు, పారించు, నడుచు, నడుపు, తిరుగు, తిప్పు. వార్డు భాషలోనే చెప్పాలంటే సెలైన్ ఎక్కుతోంది, సెలైన్ ఎక్కించు. ఇంగ్లీషు ఆ తేడాని వాక్యం అమరికలో దాచేస్తుంది. తెలుగు చెవి క్రియ చివర కోసం ఎదురుచూస్తుంది, అక్కడ ఏమీ దొరకదు. ఈమె ఆజ్ఞని సమాచారంగా వినడానికి కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను. ‘రన్ ఇట్’ అన్నది ‘ఎక్కించు’ అని చెవిన పడి ఉంటే, ‘దాటిపోయింది’ అనే ఊహకి చోటే ఉండేది కాదు.

అందుకని ఒక్కటే ప్రశ్న అలవాటు చేశాను. ‘రన్’ వినపడిన వెంటనే తర్వాత ఏముందో చూడాలి. ‘ఇట్’ గానీ, మందు పేరు గానీ, బాటిలు గానీ ఉంటే అది నీకు చెప్పిన పని. ఎక్కించు. ఆపైన ‘ఓవర్’, దాని వెనక గంటలో నిమిషాలో వస్తే, అంతసేపట్లో పూర్తయ్యేలా. ‘రన్’ తర్వాత ఏ వస్తువూ లేకుండా నేరుగా ‘ఓవర్’ వస్తే, ‘ద క్లినిక్ రాన్ ఓవర్’ లాగా, టైము దాటిందని. ‘ఓవర్’ తర్వాత మనిషి ఉన్నా, ‘వాజ్ రన్ ఓవర్’ అని మనిషి ముందే వచ్చినా బండి తొక్కిందని. ఇది వ్యాకరణ పుస్తకంలో రాసుకోదగ్గ సూత్రమని అనను. వార్డులో చెవికి మాత్రం సరిపోతుంది.

చెవికి పట్టించింది మాత్రం చుక్కల లెక్కే. నేను “ఫైవ్ హండ్రెడ్ ఆఫ్ సెలైన్, రన్ ఇట్ ఓవర్ ఫోర్ అవర్స్” అంటాను. ఆమె తెలుగు చెప్పక్కర్లేదు, ఇంగ్లీషూ చెప్పక్కర్లేదు, నిమిషానికి ఎన్ని చుక్కలో చెప్పాలి. 500 మి.లీ.ని నాలుగు గంటలకి పంచితే గంటకి 125. మిల్లీలీటరుకి 20 చుక్కలు పడే సెట్టయితే 125ని 20తో హెచ్చించి 60తో భాగిస్తే 42కి కాస్త తక్కువ. “నలభై రెండు మాస్టారూ” అని వచ్చేస్తుంది. ఆ లెక్క ఆమె వేళ్లకి ఎప్పుడో వచ్చు. కొత్తగా జరిగిందల్లా ‘ఓవర్’ అన్న మాట వినగానే బుర్ర ‘అయిపోయింది’ వైపు పోకుండా లెక్క వైపు పోవడం. కొంతకాలానికి నేను వాక్యం ముగించకముందే పెదాలు కదపడం మొదలుపెట్టింది.

‘రన్ ఇట్ బై’కి ఇలాంటి లెక్క లేదు. దానికి వార్డులో ఆమె నోట రోజూ వచ్చే తెలుగు వాక్యమే పట్టుకున్నాం: “సిస్టర్ చెవిన ఒక మాట వేసి చేద్దాం.” చెవిన వెయ్యడం అన్నది సరిగ్గా కుదిరింది. బ్రిటన్‌లో కొందరు ‘బై’ బదులు ‘పాస్ట్’ అంటారు, అదీ అదే పేజీలో చేరింది.

తెలుగు ఆదుకోని చోట్లు

అన్నిటికీ ఇంటి భాషలో జోడీ దొరుకుతుందని అనుకోవద్దు. కార్డియాక్ మానిటరు చూసి ‘ఎ షార్ట్ రన్ ఆఫ్ వీటీ’ అంటారు. గుండె కింది గదుల నుంచి పుట్టే తప్పు స్పందనలు మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వరసగా, వేగంగా వస్తే ఆ మాట. ముప్ఫై సెకన్లలోపు ఆగిపోతే నిలవనిదని లెక్క. ఇక్కడ ‘రన్’ నామవాచకం, ఒక వరస అని అర్థం. ఆడు, పారు, నడుచు ఏవీ పనికిరావు. ఈమెకి క్రికెట్టు ‘రన్’ తెలుసు, అది ఒక్కోటీ లెక్కపెట్టే పరుగు. ఆ దారిన పోతే ‘ఎ రన్ ఆఫ్ వీటీ’ అంటే ఒక్క స్పందన అనుకునే ప్రమాదం ఉంది, అనుకుంది కూడా. అలాంటివాటికి ఈసీజీ పట్టీ ముందు పెట్టి, ఆ వరస మీద వేలు జరుపుతూ మాట వినడం తప్ప వేరే దారి లేదు.

‘ఐ హావ్ గాట్ ద రన్స్’ అని బ్రిటన్ పేషెంటు అంటే నీళ్ల విరేచనాలు. ‘ఐ ఫీల్ రన్ డౌన్’ అంటే ఒంట్లో సత్తువ లేదని. కారు ‘రన్ డౌన్’ చేసిందంటే గుద్ది పడేసిందని. ఇవి జాబితాగానే నేర్చుకోవాలి, తప్పదు. జాబితా చిన్నదైతే జాబితాతో తప్పేమీ లేదు.

ఇప్పటి స్థితి

మొదటి ముక్కలాంటిదే ఇంకోటి, వేరే పేషెంట్లతో, ఈసారి బ్రిటిష్ యాసలో వినిపించాను. ‘రన్’ వచ్చిన ఆదేశాలన్నీ సరిగా చెప్పింది. రక్తం దగ్గర ఆగలేదు. ‘రన్ త్రూ’ దగ్గర మాత్రం తడబడింది. ‘లెట్స్ రన్ త్రూ ద చెక్‌లిస్ట్’ అంటే మొదటి నుంచీ చివరి దాకా ఒకసారి చూసుకోవడం. ‘రన్ ద లైన్ త్రూ’ అంటే సెట్టు ట్యూబులో గాలి లేకుండా ద్రవం నింపి పారించడం. రెండోది ఆమె రోజూ చేసే పనే, ఇంగ్లీషులో ఆ పేరుతో వినలేదు. ఇప్పుడు ఆ పేజీ మీద పని నడుస్తోంది.

వేగం సమస్య పూర్తిగా పోలేదు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన రోజున అదే ముక్క సగమే పట్టుకుంటుంది, సెలవు రోజున మొత్తం పట్టుకుంటుంది. అందువల్ల పరీక్ష తేదీ డ్యూటీ చార్టు చూసుకుని, ముందు రోజు రాత్రి పని పడకుండా ఎంచుకోమని చెప్పాను.

పరీక్షతో సంబంధం లేకుండా ఇంకొకటి అలవాటు చేయించాను. ఫోన్లో గానీ ఎదురుగా గానీ ఆదేశం వినగానే తిరిగి చెప్పడం: “సెకండ్ యూనిట్, ఓవర్ త్రీ అవర్స్, స్టార్టింగ్ నౌ. కరెక్ట్?” ఇది బ్రిటన్ వార్డుల్లోనూ ఉన్న పద్ధతే. ఇప్పుడున్న ఆస్పత్రిలో ఒడియాలో చెప్పిన ఆదేశానికి కూడా ఆమె అలాగే చేస్తోందట. డాక్టర్లు మొదట చిరాకుపడ్డారని, ఇప్పుడు కొందరు ఆమె తిరిగి చెప్పేదాకా ఫోను పెట్టడం లేదని చెప్పింది.